తెలుగు గుణింతంతో దాటిన అరబ్బీ ఖాయిదా

నిన్న సాయంత్రం మా అమ్మాయి ఖాయిదా, అంటే ఖురాన్ చదవడానికి ముందు అరబ్బీ అక్షరాలు నేర్పే పుస్తకం, చివరి పేజీ అప్పజెప్పింది. పదకొండు నెలలు పట్టింది. ఇంట్లో రెండు మూడు భాషలున్న తల్లులకు పనికొస్తుందని వెంటనే రాస్తున్నాను.

మాది చిత్తూరు, గిరింపేట. ఇంట్లో ఉర్దూ మాట్లాడతాం. నేను పలమనేరులో తెలుగు మీడియంలో చదివాను. ఖురాన్ నిదానంగా చదవగలను గానీ ఉర్దూ పుస్తకం చదవలేను. మా అమ్మీది రాయవేలూరు, ఆమెకు ఉర్దూ చదువు వచ్చు. పక్కింట్లో తమిళం. పాపకు ఏడేళ్లు.

మక్తబ్‌లో (పిల్లలకు ఖురాన్ చదువు చెప్పే బడి) చేర్చడానికి ఒక పూట చాలింది. కుడి నుంచి ఎడమకు చదవడం వారంలో అలవాటైంది. ‘బా’కు కింద ఒక చుక్క, ‘తా’కు పైన రెండు, ‘సా’కు పైన మూడు. ముగ్గు చుక్కలు లెక్కపెట్టినంత సులువుగా పట్టేసింది.

మూడో నెలలో హజ్రత్, అంటే అక్కడి గురువుగారు, నన్ను పిలిపించారు. పిల్లలందరి ముందు పాపను లేపి, అక్షరాలు చెప్పమన్నారు. ‘అలిఫ్, బే, పే, తే’ అని మొదలుపెట్టింది. ఇంట్లో నానీ, అంటే మా అమ్మీ, నేర్పిన ఉర్దూ వరస అది. "అరబ్బీలో పే ఎక్కడిది?" అని ఆయన గద్దించారు. వెనక వరసలో ఒక పిల్లవాడు ‘పే, పే’ అని మేకలా అరిచాడు. అందరూ నవ్వారు. తర్వాత జబర్ పాఠం తీశారు. అక్షరం పైన ఏటవాలు గీత ఉంటే ‘అ’ పలకాలి. పాప ‘బ, త, స’ అనవలసిన చోట ‘బి, తి, సి’ అంది. పుస్తకం పెట్టుకునే రెహల్ అంచును గోటితో గీకుతూ తల దించుకుంది. "ఇంట్లో తెలుగు పుస్తకాలు మూసేస్తే గానీ దీనికి అరబ్బీ రాదు" అన్నారు ఆయన, నా వైపు చూడకుండానే. గడప దగ్గర నిలబడిన నాకు నోట మాట రాలేదు. దారిలో పాప అడిగింది: "అమ్మీ, తెలుగు తప్పా?"

ఆ మాటకు నాకు రాత్రంతా నిద్ర పట్టలేదు. చదువు చెప్పేవారు పిల్లల ఇంటి భాషను నిందించకూడదు. నిందిస్తే బిడ్డ తన తల్లినే అనుమానిస్తుంది.

మర్నాడు పలక ఇచ్చి, ‘బి’ ఎందుకు అన్నావని మెల్లగా అడిగాను. పాప తెలుగులో ‘బి’ రాసి, పైనున్న గుడిని చూపించింది. "గుడి పైనే కదా ఉంటుంది!" అంది. నాకు అప్పుడు తెలిసింది, పిల్లకు చదువు రాక కాదు, వచ్చిన చదువుతోనే చదువుతోందని. తెలుగులో గుడి పైన ఉంటుంది, అరబ్బీలో ‘ఇ’ పలికించే జేర్ కింద ఉంటుంది. ఇంతే తేడా. కాగితం మీద జబర్ పక్కన తలకట్టు, జేర్ పక్కన గుడి, పేష్ పక్కన కొమ్ము, జజ్మ్ పక్కన పొల్లు రాశాను. తష్దీద్ అంటే ద్విత్వమని, ‘రబ్బి’లో బకు బ వత్తులాంటిదని చెప్పాను. బీరువా తలుపుకు అంటించాను. పది రోజుల్లో ‘బి, తి, సి’ పోయింది.

అమ్మీని ఒప్పించడమే కష్టమైంది. "నా చిన్నప్పటి నుంచీ బే అంటున్నాను, ఇప్పుడు బా అనాలా?" అని నొచ్చుకుంది. చివరికి ఉర్దూ పుస్తకం పట్టుకుంటే ‘బే’, ఖాయిదా పట్టుకుంటే ‘బా’ అని ఒప్పందం చేసుకున్నాం. పే, చే, గాఫ్ లాంటివి అరబ్బీలో లేవని పాపకు తానే చెప్పింది. అప్పటి నుంచి రోజూ మగ్రిబ్ (పొద్దుగూకినప్పటి నమాజు) తర్వాత ముగ్గురం పావుగంట ఒకే పుస్తకం ముందు కూర్చున్నాం. మా ఇంట్లో అంతకు ముందు లేనిది అదే.

తెలుగు లిపిలో సూరాలు (ఖురాన్ అధ్యాయాలు) అచ్చువేసిన పుస్తకాలు మాత్రం పిల్లలకు కొనకండి. అరబ్బీలో ‘సా’, ‘సీన్’, ‘స్వాద్’ మూడు వేర్వేరు ధ్వనులు. తెలుగులో మూడింటికీ ‘స’ ఒక్కటే రాస్తారు. ఉర్దూ పలుకుబడిలోనూ అవి ఒకటే, కాబట్టి అమ్మీ వల్లా కాలేదు. నాలుక ఎక్కడ ఆనించాలో నేర్పింది హజ్రత్ గారే. ఆ విషయంలో ఆయనకు సాటి లేరు, ఒప్పుకుంటాను.

కువైట్‌లో ఉన్న మా ఆయన ఫోనులో చెప్పిన మాట నాకు ధైర్యమిచ్చింది. అక్కడి అరబ్బుల పిల్లలకు కూడా ఇంట్లో మాట్లాడే అరబ్బీ వేరు, బడిలో చదివే అరబ్బీ వేరట. పెద్దలు చదివే పత్రికల్లో జబర్, జేర్ గుర్తులే ఉండవట. మా పాప చదివేదానిలో ప్రతి అక్షరానికీ గుర్తు ఉంది, ఇంకేం భయమని అన్నారు.

నిన్న హజ్రత్ చివరి పేజీ విని, "ఇంట్లో ఎవరు చెప్పారు?" అని అడిగారు. "తెలుగు గుణింతం చెప్పింది హజ్రత్" అన్నాను, పిల్లలందరికీ వినబడేలా. ఆయన ఏమీ అనలేదు. ఖాయిదా మీద సంతకం చేసి, శనివారం నుంచి అమ్మ పారా (ఖురాన్ చివరి భాగం) తెమ్మన్నారు.

అమ్మీ పొద్దుటి నుంచీ తన పాత పట్టుచీర కొంగు కత్తిరించి, ఆ పారాకు జుజ్దాన్ (గుడ్డ తొడుగు) కుడుతోంది. పాప పక్కనే కూర్చుని సూదిలో దారం ఎక్కిస్తోంది.