హూడి నుంచి ఎంజీ రోడ్ దాకా నా ఇంగ్లిష్ క్లాసు

బ్యాంకు ఆఫీసర్ ఉద్యోగాల పరీక్ష ఐబీపీఎస్ పీఓ మొదటిసారి రాసినప్పుడు మొత్తం మార్కులు కటాఫ్ దాటాయి. ఇంగ్లిష్‌లో మాత్రం సెక్షనల్ కటాఫ్ (ఆ ఒక్క సబ్జెక్టులో విడిగా దాటాల్సిన మార్కులు) రాలేదు, మొదటి దశ ప్రిలిమ్స్‌లోనే ఆగిపోయాను. 20 నిమిషాల్లో 30 ప్రశ్నలు, తప్పుకు పావు మార్కు కోత. క్వాంట్స్, రీజనింగ్‌లో ఎంత తెచ్చుకున్నా ఆ లోటు పూడదు. నాలాగే తెలుగు మీడియంలో చదివి, ఉద్యోగం చేస్తూ ప్రిపేర్ అవుతున్నవాళ్ల కోసం ఇది రాస్తున్నాను.

బెంగళూరులో ఉంటున్నావు, ఇంగ్లిష్ అదే వచ్చేస్తుందిలే అనేవారు ఇంట్లో. నేనుండే ఏరియా హూడిలో మా పీజీ హాస్టల్ నిండా మనవాళ్లే. భోజనం దగ్గర తెలుగు, ఆఫీసులో టీమంతా తెలుగు, ఆటోవాళ్లతో వచ్చీరాని కన్నడ. ఆఫీసు మెయిల్స్‌లో రోజూ తిరిగేవి అవే పది వాక్యాలు. పొద్దున ఎనిమిదింటికి బయల్దేరి రాత్రి ఎనిమిదికి వచ్చాక గ్రామర్ పుస్తకం ముందు గంటసేపు కూర్చోవడం నావల్ల కాలేదు. మూడు నెలలు టైమ్‌టేబుల్ రాయడం, చించడం.

ఆ తర్వాత విడిగా టైమ్ వెతకడం మానేశాను. ఆఫీసుకెళ్లేటప్పుడు మెట్రో పర్పుల్ లైన్‌లో ఎంజీ రోడ్‌కి దాదాపు అరగంట. ఎక్కగానే ఇంగ్లిష్ పేపర్‌లో ఒక ఎడిటోరియల్ చదువుతాను, ఒక్కటే. తెలుగులో క్రియ చివర్లో వస్తుంది కదా, వాక్యం పూర్తయ్యేదాకా ఆగడం మనకు అలవాటు. ఇంగ్లిష్‌లో క్రియ మామూలుగా కర్త వెనకే వస్తుంది. కామాల మధ్య ఇంకో ముక్క దూరితే ఆ రెండూ విడిపోతాయి, మనం దారి తప్పుతాం. అందుకే పొడుగు వాక్యం కనబడగానే ముందు కర్తనీ క్రియనీ పట్టుకోండి, మిగతాది తర్వాత. ఆర్‌సీలో (రీడింగ్ కాంప్రహెన్షన్) నా వేగం పెరిగింది దీనివల్లే.

ఇంకొకటి, తప్పుల నోట్‌బుక్. మాక్ టెస్టులో పోయిన ప్రతి ప్రశ్న పక్కన, తెలుగు నన్ను ఎటు లాగిందో రాస్తాను. మనం 'దాని గురించి చర్చించారు' అంటాం కాబట్టి 'డిస్కస్డ్ అబౌట్' తప్పనిపించదు. డిస్కస్ తర్వాత అబౌట్ రాదు. 'వన్ ఆఫ్ మై ఫ్రెండ్' కూడా అంతే. ఫ్రెండ్స్ అనాలి, తర్వాతి క్రియ మాత్రం ఏకవచనం. 'ఎ', 'ది' లాంటివి మన భాషలో లేవు, అందుకే ఆర్టికల్ తప్పులు మన కంటికి ఆనవు. నెల తిరిగేసరికి నా తప్పులు చాలావరకు ఈ మూడు నాలుగు రకాలేనని తేలింది. రూల్స్ పుస్తకమంతా బట్టీ పట్టక్కర్లేదని అప్పుడు ధైర్యం వచ్చింది.

వొకాబులరీకి ఎడిటోరియల్‌లో ఎదురైన మాటలే, వాక్యంతో సహా, రోజుకు మూడు.

రాత్రి పడుకునే ముందు మా పిన్ని కూతురికి వాట్సాప్‌లో ఇంగ్లిష్‌లో ఒక పేరా పంపుతాను. అక్క టెన్త్ పిల్లలకు ఇంగ్లిష్ చెబుతుంది. మొదట్లో ఆరు లైన్లకు తొమ్మిది తప్పులు చూపించేది. సిగ్గేసేది, అయినా ఆపలేదు. జ్వరం వచ్చిన రోజు కూడా రెండు లైన్లు పంపాను.

ఈసారి ప్రిలిమ్స్ దాటాను. తర్వాతి దశ మెయిన్స్‌లో ఎస్సే లాంటివి కీబోర్డు మీద టైప్ చేయాలి, 30 నిమిషాలే టైమ్. అందుకని రాత్రి పేరా ఫోన్‌లో కొట్టడం మానేసి, ల్యాప్‌టాప్‌లో టైమర్ పెట్టుకుని రాస్తున్నాను. అక్క దిద్ది పంపేసరికి ఒక్కోరోజు పదకొండు దాటుతోంది.