చిన్నాయన చెల్కలో ఈసారి మక్క లేదు

నిన్న కల్వకుర్తి దగ్గర మా ఊరికి వెళ్లాను. చిన్నాయన మూడెకరాల చెల్కలో మక్క (మొక్కజొన్న) కనిపించలేదు. అంతా పత్తే. మనసు చివుక్కుమంది.

నా చిన్నప్పుడు అదే నేలలో జొన్న, సాళ్ల మధ్య కంది ఉండేవి. తర్వాత మక్క వచ్చింది. 2018లో కత్తెర పురుగు దిగినప్పటి నుంచి మందుల ఖర్చు పెరిగింది. కంకి పాలు పట్టేసరికి అడవి పందులు. రాత్రంతా మంచె మీద కాపలా, ఈ వయసులో!

2025-26లో మక్కకు మద్దతు ధర క్వింటాలుకు 2,400 రూపాయలు. గింజలో తేమ 14 శాతం దాటితే ఆ ధర దక్కదు. ఆ ఏడు సరిగ్గా మక్క కోతలప్పుడే ముసురు పట్టింది. కళ్లం లేక రోడ్డు మీదే ఆరబోశాడు. అప్పు గడువు ముంచుకొచ్చి, వ్యాపారి చెప్పిన ధరకే అమ్ముకున్నాడు.

"పత్తిని పందులు ముట్టవు బిడ్డా, రాత్రి నిద్రపోతున్నాను, అది చాలు" అన్నాడు. ఆయన లెక్క తప్పని నేను అనలేను. కానీ పశువులకు చొప్ప ఏది? ఎద్దులు రెండింటినీ అమ్మేశాడట. ఖాళీ కొట్టం ముందు చాలాసేపు నిలబడిపోయాను. పక్క చేనులో అప్పుడే ప్లాట్ల హద్దురాళ్లు పాతారు.