గ్రాంటు దరఖాస్తులకు మార్కులు: తేడా పట్టికలోనే వస్తుంది

వార్డుల్లో తాగునీటి ప్లాంట్లకు, పార్కుల నిర్వహణకు మున్సిపాలిటీ గ్రాంటు ప్రకటించిందనుకుందాం. నలభై సంఘాలు దరఖాస్తు పెట్టాయి, డబ్బు పదింటికే ఉంది. ముగ్గురు అధికారులు ఫైళ్లు పంచుకుని నూటికి మార్కులు వేస్తారు. ఇక్కడ అన్యాయం జరిగితే అందరూ సిఫార్సులనే అనుమానిస్తారు. కానీ ఎవరి తప్పూ లేకుండానే, మార్కుల పట్టిక వల్లే మంచి దరఖాస్తు కింద పడిపోవడం చాలా మామూలు.

ముందుగా వెయిటేజీ సంగతి. 'ప్రజా ప్రయోజనం'కు 40, 'ఖర్చు అంచనా'కు 20 పెట్టారు. ప్రజలకు మేలు చేయనని ఏ సంఘమూ రాయదు కాబట్టి మొదటిదాంట్లో అందరికీ 30 నుంచి 34 లోపే పడతాయి. రెండోదాంట్లో 6 నుంచి 18 దాకా తేడా ఉంటుంది. అంటే ఎవరు గెలవాలో తేల్చింది 20 మార్కుల అంశం. 40 మార్కులది పేరుకే పెద్దది. అందుకే వెయిటేజీ ఖాయం చేసేముందు నాలుగైదు పాత దరఖాస్తులకు కొత్త పట్టికతో మార్కులు వేసి చూడాలి. ఒక అంశంలో అందరికీ దాదాపు ఒకే మార్కు వస్తుంటే, ఆ ప్రశ్ననే మార్చాలి.

రెండోది, ఇంకా ముఖ్యమైనది: ఏ మార్కుకు ఏం కనిపించాలో కవర్లు తెరవకముందే రాసి పెట్టుకోవడం. 'నిర్వహణ: 10 మార్కులు' అని వదిలేస్తే ఒకరి ఏడు ఇంకొకరి నాలుగు అవుతుంది. 6కు, 7కు తేడా ఎవరూ చెప్పలేరు కాబట్టి నాలుగు మెట్లు చాలు: 0, 3, 6, 10. నీటి ప్లాంటునే తీసుకుందాం. నిర్వహణ ఊసే లేకపోతే 0. 'నిర్వహణ బాధ్యత సంఘానిదే' అన్న ఒక్క వాక్యం ఉంటే 3. ఎవరు నడుపుతారో, నెల ఖర్చెంతో ఉంటే 6. లెక్క ఇలా ఉంటే 10: రోజుకు 150 క్యాన్లు, క్యాను 5 రూపాయలు, నెలకు 22,500 రాబడి, ఆపరేటరుకు 9,000, కరెంటుకు 5,000, ఫిల్టర్లు, మెంబ్రేన్ (నీటిని శుద్ధి చేసే పొర) మార్చడానికి నెలనెలా పక్కన పెట్టేది 3,000, జతగా సంఘం తీర్మానం నకలు. మెంబ్రేన్ ఖర్చు ముందే లెక్కేసుకున్న సంఘం ప్లాంటు రెండేళ్ల తర్వాత మూతపడే అవకాశం తక్కువ. ఇంగ్లీషులో నునుపుగా రాసిన పది పేజీల కంటే, తెలుగులో చేత్తో రాసిన ఈ లెక్కకే ఎక్కువ మార్కులు పడాలి. ఫారంలోనే ఖాళీ పట్టిక ఇచ్చి అంకెలు అడిగితే, కన్సల్టెంటును పెట్టుకోలేని మహిళా సంఘం కూడా సమానంగా పోటీ పడుతుంది.

రిజిస్ట్రేషన్, ఆడిట్ రిపోర్టు, స్థలం కాగితాలకు మార్కులు వద్దు. అవి ఉన్నాయా లేదా అన్నదే చూడాలి. తక్కువైన కాగితం తెచ్చుకోవడానికి అందరికీ ఒకే గడువు ఇవ్వాలి.

ఖర్చు విషయంలో టెండరు పద్ధతిని గ్రాంటుకు అంటించడం పెద్ద పొరపాటు. తక్కువ కోట్ చేసినవారికి పూర్తి మార్కులంటే సంఘాలు అంచనా తగ్గించి రాస్తాయి, పని సగంలో ఆగుతుంది. ఇంజనీరింగ్ విభాగం ఎస్ఎస్ఆర్ (పనులకు ప్రభుత్వం ఖరారు చేసిన ధరల జాబితా) రేట్లతో పోల్చి, పది శాతం అటూఇటూ ఉన్నవాటికి పూర్తి మార్కులిచ్చి, బాగా ఎక్కువైనా బాగా తక్కువైనా కోయాలి.

ఇక మార్కులు వేసేవాళ్లు. ఒకరి సగటు 72, మరొకరిది 58, కటాఫ్ 65 అయితే ఫైలు ఎవరి చేతిలో పడిందన్నదే ఫలితం తేలుస్తుంది. ప్రతి ఫైలునూ ఇద్దరు విడివిడిగా చదవాలి, రెండోవాళ్లు వరుస తిప్పి చదవాలి. అంత మంది లేకపోతే ఫైళ్లను కాదు, ప్రశ్నలను పంచుకోవాలి: నలభై ఫైళ్లలోనూ నిర్వహణ ప్రశ్నను ఒక్కరే దిద్దితే కొలత ఒకటే ఉంటుంది. మొదటి మూడు ఫైళ్లు కలిసి దిద్దుకుంటే మెట్ల అర్థం అందరికీ ఒకటవుతుంది. ఇద్దరి మధ్య 15 మార్కులకు మించి తేడా వస్తే సగటు తీసి సర్దేయకూడదు. 80, 40ల సగటు 60 వస్తుంది. కానీ ఆ ఇద్దరిలో ఒకరు రెండోవారికి కనపడనిదేదో చూశారు. కూర్చుని మాట్లాడుకోవాలి, తేలకపోతే మూడో మనిషి చదవాలి. కటాఫ్‌కు మూడు మార్కుల లోపు ఉన్నవన్నీ మళ్లీ తీయాలి. 64కు, 65కు మధ్య ఉన్నది దిద్దేవారిని బట్టి వచ్చే తేడానే.

2015లో మొదలైన స్మార్ట్ సిటీల పోటీలో నగర స్థాయి అంశాలకు 30, ప్రాంత అభివృద్ధికి 55, నగరమంతటికీ వర్తించే పరిష్కారానికి 15 శాతం అని మార్గదర్శకాల్లోనే ప్రకటించారు. వార్డు స్థాయి గ్రాంటుకూ అలాగే నోటిఫికేషన్‌తోపాటే పట్టిక, మెట్ల వివరణ బయటపెట్టాలి. దాచడానికి అందులో ఏముంది?

ప్రతి మార్కు పక్కన ఒక వాక్యం కారణం, పేజీ నంబరు రాయించాలి. నిర్ణయం వల్ల ప్రభావితులైనవారికి కారణాలు తెలపాలని 2005 నాటి సమాచార హక్కు చట్టం సెక్షన్ 4(1)(డి) చెబుతోంది. కాబట్టి గ్రాంటు రాని ముప్పై సంఘాలకూ వాటి మార్కుల పత్రం, అడగకుండానే, పంపాలి. నిర్వహణలో 3 ఎందుకు పడ్డాయో చదివిన సంఘం మరుసటి ఏడాది మెంబ్రేన్ లెక్కతో వస్తుంది.