చెయ్యి తియ్యి, కడ్డీ పట్టుకోనియ్

"చెయ్యి తియ్యి. ఆయన్ను లేపొద్దు, కడ్డీ పట్టుకొని ఆయనే లేస్తాడు."

ఇంగ్లండులో కౌన్సిల్ (అక్కడి స్థానిక ప్రభుత్వం) తరఫున పెద్దవాళ్ళ ఇళ్ళల్లో, పట్టుకొని లేవడానికి గోడలకు కడ్డీలు బిగించే పనిలో ఉన్న మనవాళ్ళకు ఈ మాట ఎప్పుడో ఒకప్పుడు తగులుతుంది. నాకు తగిలింది ఓటీ మేడం నోటి నుంచి, అంటే ఆక్యుపేషనల్ థెరపిస్టు, రోజువారీ పనులు మనిషి తనంతట తాను చేసుకునేలా చూసే నిపుణురాలు. కొలతలు ఆమెవి, డ్రిల్లు మనది. ఎనభై దాటిన మనిషి కుర్చీలోంచి లేవలేక తన్లాడుతుంటే దేవరకొండ దిక్కు పెరిగిన చెయ్యి ఊకుంటదా? అడగకముందే పోతుంది. దానికి మందలింపు. ఆ కోపం ఇంకా పూర్తిగా దిగలేదు గానీ, ఆమె చెప్పిన కారణం కొట్టిపారేసేది కాదు.

మనిషి కుర్చీలోంచి లేవాలంటే ముందు పాదాలు కొంచెం వెనక్కి జరగాలి. తర్వాత తల మోకాళ్ళు దాటి ముందుకు రావాలి. అప్పుడే నడుము కింది భాగం తేలుతుంది. మనం పక్కన నిలబడి రెట్ట పట్టి పైకి గుంజితే ఒళ్ళు ముందుకు రాకుండా వెనక్కి వాలుతుంది, బరువంతా భుజం కీలు మీద పడుతుంది. మధ్యలో మోకాలు జారితే లేపేవాళ్ళూ లేచేవాళ్ళూ కలిసి పడతారు. పైగా మన చెయ్యి ఏ క్షణాన వస్తుందో, ఏ వైపుకు గుంజుతుందో లేచే మనిషికి తెలియదు. కడ్డీ అట్ల కాదు, రాత్రి రెండు గంటలకైనా నిన్న ఉన్నచోటనే ఉంటుంది.

ఇంట్లో చెయ్యిచ్చే మనిషి లేక వీళ్ళు గోడలకు స్టీలు కొట్టుకుంటున్నారని, మనకు ఆ కరువు లేదని కొన్నాళ్ళు వాదించుకున్నాను, ఎక్కువగా నాతోనే. కానీ అచ్చంపేట, కల్వకుర్తి, మునుగోడు పల్లెల్లో ఇప్పుడు తాళం చెవులు ఎవరి దగ్గరున్నాయో అందరికీ తెలుసు. పాలమూరు లేబర్ అన్న పేరే ఊరు విడిచి పోయినవాళ్ళ మీద పుట్టింది. పిల్లలు హైదరాబాదులోనో దుబాయిలోనో ఇక్కడో, ఇంటికి కావలి ముసలోళ్ళు. కోడలు పక్క అర్రలోనే ఉన్నా, బాత్రూం పోవడానికి ఆమెను లేపాలంటే అవ్వకు నామోషీ. లైటు కూడా వెయ్యకుండా గోడ పట్టుకొని పోతుంది. అక్కడ ఆమె చేతికి ఏం దొరుకుతుందన్నదే అసలు ప్రశ్న.

మామూలుగా దొరికేవి టవలు రాడ్డు, నల్లా, వాష్ బేసిన్. మూడూ మోసమే. టవలు రాడ్డు పల్చటి గొట్టం, రెండు చిన్న స్క్రూల మీద నిలుస్తుంది, తడి బట్ట బరువుకు చేసిన వస్తువు. బేసిన్ మీద ఒళ్ళంతా వాలితే బ్రాకెట్ ఊడి వస్తుంది, పగిలిన పింగాణీ కత్తిలా కోస్తుంది. పట్టుకునే కడ్డీ కొలతే వేరు. అమెరికా ఏడీఏ (వికలాంగుల హక్కుల చట్టం) ప్రమాణాలు ప్రైవేటు ఇళ్ళకు తప్పనిసరి కాకపోయినా లెక్కకు పనికొస్తాయి: గుండ్రటి కడ్డీ మందం 32 నుంచి 51 మిల్లీమీటర్లు, గోడకూ కడ్డీకీ మధ్య 38 మిల్లీమీటర్ల సందు, 250 పౌండ్లు అంటే 113 కిలోల బలానికి ఆగాలి. ఆ సందు మరీ ఎక్కువైతే జారినప్పుడు మోచెయ్యి లోపలికి దూరి ఇరుక్కుంటుంది, ఎముక విరిగేది అప్పుడే.

ఇక్కడి కొత్త ఇళ్ళల్లో లోపలి గోడలు చాలావరకు 12.5 మిల్లీమీటర్ల ప్లాస్టర్ బోర్డు. వెనక బోలు. కట్టె నిలువులు 400 లేదా 600 మిల్లీమీటర్లకు ఒకటి ఉంటాయి, వాటిని వెతికి, వాటికి అడ్డంగా చెక్క బిగించి, దాని మీద కడ్డీ పెట్టాలి. ఈ గోడలను చూసి మన ఇటుక గోడ గురించి గర్వపడని మేస్త్రి ఉండడు. ఆ గర్వమే మన దగ్గర కడ్డీలు ఊడిపోవడానికి ఒక కారణం. ఇటుక గోడ గట్టిదే, కానీ స్క్రూ ఇటుకదాకా పోతుందా? టైలు 8 మిల్లీమీటర్లు, దాని వెనక మాలు 20, ప్లాస్టరింగ్ ఇంకో 12. అంటే దగ్గర దగ్గర 40. కడ్డీతోపాటు డబ్బాలో వచ్చే ఒకటిన్నర అంగుళం స్క్రూ 38 మిల్లీమీటర్లు. అది ఇటుక మొహం కూడా చూడదు, మాలులోనే ఆగిపోతుంది. ఒకసారి గట్టిగా గుంజితే టైలుతో సహా వస్తుంది. ఆ స్క్రూలు పక్కన పెట్టి, తుప్పు పట్టని 304 రకం స్టీలువి 4 అంగుళాలవి, వాటికి సరిపడే పొడవాటి ప్లగ్గులు (స్క్రూ పట్టు కోసం రంధ్రంలో దించే గొట్టాలు) తెచ్చుకోవాలి. ప్లగ్గు టైలు దగ్గరే ఆగకుండా ఇటుకలో కూర్చోవాలి.

రంధ్రం వేసే ముందు టైలును నాణెంతో కొట్టి వినాలి. డొల్లగా మోగితే వెనక మాలు లేదు, బిగించేటప్పుడే పగులుతుంది. మోగని చోట మాస్కింగ్ టేపు అంటించి గుర్తు పెట్టి, టైలు దాటేదాకా డ్రిల్లులో హ్యామర్ (కొడుతూ తిరిగే పద్ధతి) ఆపి మెల్లగా తిప్పాలి. ఇటుక తగిలాక హ్యామర్ వేసుకోవచ్చు. లోపలి పొడిని ఊదెయ్యకపోతే ప్లగ్గు పట్టదు, స్క్రూతోపాటు గిర్రున తిరుగుతుంది. చివర్లో రంధ్రాల చుట్టూ సిలికాన్ పూయాలి, లేకపోతే నీళ్ళు గోడలోకి దిగుతాయి. గాలి బుడగలుండే తేలికైన ఏఏసీ సిమెంటు బ్లాకుల గోడ అయితే మామూలు ప్లగ్గు పనికిరాదు, కెమికల్ యాంకర్ (రంధ్రంలో జిగురు పోసి పట్టించేది) లాంటిది కావాలి. పాత రాతి గోడ, మట్టి మాలు అయితే గోడను నమ్మనే వద్దు. నేలలో కాంక్రీటు పోసి నిలబెట్టిన స్టీలు గొట్టం మేలు.

ఎత్తు సంగతి ఎవరూ పట్టించుకోరు. మేస్త్రి తన చేతికి అందిన చోట కొడతాడు, అవ్వ ఆయనకంటే అడుగు పొట్టి. ప్రమాణం ప్రకారం నేల నుంచి 33 నుంచి 36 అంగుళాలు, కానీ ఇంట్లో ఉండేది ఒక మనిషి కాబట్టి ఆ మనిషినే కొలవాలి. ఓటీలు మొదట చూసేది మోకాలి వెనక మడత నుంచి నేలదాకా ఎంత అని, ఇంట్లో తొడుక్కునే చెప్పులతో సహా. కుర్చీ, మంచం, కమోడ్ మూడూ ఆ కొలతకు సమానంగానో, ఒకటి రెండు అంగుళాలు ఎక్కువగానో ఉండాలి. కమోడ్ పొట్టిగా ఉందని కింద 4 అంగుళాల దిమ్మె కట్టిస్తారు. దిమ్మెను కమోడ్ అడుగు మేరకే కట్టాలి. వెడల్పుగా కడితే పాదాలు కూడా దిమ్మె మీదికే వస్తాయి, ఎత్తు ఏమీ కలిసి రాదు, ఖర్చు పెట్టి కొత్త మెట్టు కట్టుకున్నట్టు అవుతుంది.

పక్షవాతం వచ్చినవాళ్ళకు కడ్డీ బాగున్న చేతి వైపు ఉండాలి. లోపలికి పోయేటప్పుడు కుడివైపున్న గోడ బయటికి వచ్చేటప్పుడు ఎడమవైపు అవుతుంది కాబట్టి గుమ్మం దగ్గర రెండు పక్కలా కావాలి. మెట్లకూ ఇదే లెక్క. మనం ఒకవైపే రెయిలింగ్ పెట్టి, అదీ చివరి మెట్టుకు ముందే ఆపేస్తాం. అది చివరి మెట్టు దాటి ఒక అడుగు ముందుకు పోవాలి, ఎందుకంటే మెట్లు అయిపోయాయనుకొని కాలు వేసే చోటే మనుషులు పడతారు.

ఈ కొలతలన్నీ నల్గొండ ఫ్లోరైడ్ ఊళ్ళల్లో తలకిందులవుతాయి. ఇక్కడి ఓటీ పుస్తకంలో ఆ మనుషులు లేరు. మర్రిగూడ, నాంపల్లి, చండూరు దిక్కు ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పిన, లీటరుకు 1.5 మిల్లీగ్రాముల ఫ్లోరైడ్ హద్దు దాటిన నీళ్ళు ఏళ్ళ తరబడి తాగినవాళ్ళలో కొందరికి వెన్ను కొయ్యలా బిగుసుకుపోయి ఉంటుంది. మిషన్ భగీరథతో నీళ్ళు మారినా బిగిసిన వెన్ను వెనక్కి రాదు. తల మోకాళ్ళు దాటి ముందుకు రావాలన్న సూత్రం వాళ్ళ దగ్గర నడవదు, వంగలేరు కాబట్టి. వాళ్ళకు సీటు ఇంకా ఎత్తు కావాలి. ఎదురుగా పట్టుకొని గుంజే కడ్డీ కంటే, రెండు పక్కలా అరచేతులు ఆనించి కిందికి నొక్కుతూ లేవడానికి కుర్చీ చేతుల్లాంటి ఆసరా కావాలి. గొంతుక్కూర్చునే లెట్రిన్ మీద నాలుగు కాళ్ళ కమోడ్ కుర్చీ వేస్తే పని జరుగుతుంది, కానీ బేసిన్ చుట్టూ కట్టిన గద్దె అంచు మీద ఒక కాలు సగం నిలిచిందంటే కుర్చీ పక్కకు ఒరుగుతుంది. నాలుగు కాళ్ళూ గద్దె మీద పడతాయో లేదో టేపు పెట్టి చూసి కొనాలి, రబ్బరు బుడిపెలు అరిగితే మార్చాలి.

గుమ్మం కడప (గడప) విషయంలో మాత్రం నేను వీళ్ళకు లొంగను. ఇక్కడ మెట్టు అంచు కనబడాలని రంగు తేడా పట్టీలు అంటిస్తారు. మన కడపకు శుక్రవారం పసుపు, మీద కుంకుమ బొట్లు, చూపు మందగించిన కంటికి అంతకంటే ఏం కావాలి? అయిదు అంగుళాల కడప దగ్గర కాలు దానంతటదే లేస్తుంది. మనుషుల్ని పడేసేది కొత్త ఇళ్ళల్లో బాత్రూం ముందు వేసే ముప్పావు అంగుళం గ్రానైటు పట్టీ, నేల రంగులోనే ఉంటుంది కాబట్టి. దాని మీద పసుప్పచ్చ పెయింటు గీసినా చాలు.

ర్యాంపు అనగానే బండి ఎక్కించే వాలు గుర్తొస్తుంది మనకు. అది మనిషి నడిచేది కాదు. ప్రమాణం 12కు 1, అంటే మూడడుగుల అరుగుకు 36 అడుగుల ర్యాంపు. అంత వాకిలి ఎవరికుంది? దానికంటే 4 అంగుళాల ఎత్తు మెట్లు, రెండు పాదాలూ కర్రా పట్టేంత వెడల్పుగా, రెండు పక్కలా రెయిలింగుతో కట్టుకోవాలి. సీసీ రోడ్డు పడ్డప్పుడల్లా మొదటి మెట్టు సగం పూడిపోతుంది. మిగతావి ఏడంగుళాలు, ఇదొక్కటి మూడు. ఆ తేడా కాలికి అందదు. రోడ్డు పోసిన వారమే మెట్లన్నీ సమానం చేయించుకోవాలి.

బాత్రూం తలుపు లోపలికి తెరుచుకుంటే, పడ్డ మనిషి దానికి అడ్డంగా పడతాడు, బయటినుంచి తొయ్యలేం. బందులు మార్చి బయటికి తిప్పాలి. లోపలి గడియ తీసేసి, బయట నాణెంతో తిప్పితే వచ్చే లాకు పెట్టాలి. కరెంటు పోయినా వెలిగేలా రాత్రి దీపం ఇన్వర్టరు లైను మీద ఉండాలి.

డబ్బు సంగతి పోల్చకుండా ఉండలేను. ఇంగ్లండులో వెయ్యి పౌండ్ల లోపు చిన్న మార్పులు కౌన్సిల్ ఉచితంగా చేస్తుంది, పెద్దవాటికి ఆదాయం చూసి 30 వేల పౌండ్లదాకా గ్రాంటు ఉంది. మన దగ్గర 2017లో వచ్చిన రాష్ట్రీయ వయోశ్రీ యోజన కింద పేద వృద్ధులకు కర్ర, వాకర్, చక్రాల కుర్చీ ఇస్తారు. గోడకు కడ్డీ మన ఖర్చే. కాకపోతే మన ఖర్చులో ఎక్కువ భాగం పని ఆలస్యంగా మొదలుపెట్టడం వల్ల వచ్చేది, టైల్స్ అయ్యాక పగలగొట్టి చెయ్యడం వల్ల.

కొత్త ఇల్లు కట్టేవాళ్ళు సిమెంటు బ్లాకులు వాడుతున్నా సరే, బాత్రూంలో కమోడ్ పక్కనా, స్నానం చేసే చోటా నేల నుంచి రెండడుగులు మొదలుకొని మూడున్నర అడుగులదాకా ఎర్ర ఇటుక వరుసలు పెట్టమని మేస్త్రికి ముందే చెప్పాలి. పైపులు వేశాక, ప్లాస్టరింగ్‌కు ముందు, గోడకు టేపు ఆనించి ప్రతి వైపూ ఫోటో తీసి వాట్సాప్‌లో పెట్టమనండి. గోడలోపలి సీపీవీసీ నీళ్ళ పైపుకు డ్రిల్లు తగిలితే కడ్డీ మాట అటుంచి, టైల్సన్నీ పీకాల్సి వస్తుంది.