చచ్చిన ప్యాకింగ్ పట్టుకొస్తావా?

మొన్న మస్కట్‌లో, వాదీ కబీర్‌లోని ఒక స్పేర్ పార్ట్స్ కొట్టుకు పోయి, పాత హెడ్ గ్యాస్కెట్ (ఇంజన్ బ్లాకుకూ దాని మీద కూర్చునే హెడ్‌కూ మధ్య వేసే ప్యాకింగ్) కౌంటర్ మీద పెట్టి, "చాచా, ఇసుంటిదే ఒకటి కావాలి" అని వచ్చీరాని ఉర్దూలో అడిగాను. ఆ బలూచీ పెద్దాయన దాన్ని ముట్టుకోలేదు. కళ్లద్దాల మీది నుంచి నన్ను చూసి, "ఎన్నేళ్లయింది ఈ పనిలో?" అన్నాడు. పద్నాలుగేళ్లు అన్నాను.

"పద్నాలుగేళ్లయినా చచ్చిన గ్యాస్కెట్ పట్టుకొస్తావా? ఇంజన్ నంబర్ ఏది? కొలత ఏది? అవి తెస్తే ఇస్తా. లేకపోతే నీకు అమ్మను."

ఆయన వెనక అరలో డబ్బాలు వరసగా కనిపిస్తూనే ఉన్నాయి. నా జేబులో రియాళ్లున్నాయి. డబ్బులిస్తానంటే సరుకు అమ్మనన్న దుకాణదారుణ్ని నేను అప్పుడే మొదటిసారి చూశాను. పక్కన నిలబడ్డ ఇద్దరు కుర్రాళ్లు నవ్వారు. తిరిగి వచ్చేదాకా చెవులు మండుతూనే ఉన్నాయి, ఎండకు కాదు.

బండి 1996 నాటి టయోటా హైలక్స్ పికప్. ఖర్జూరం తోటలున్న ఒక ముసలాయనది. 2.8 లీటర్ల 3ఎల్ డీజిల్ ఇంజన్. రేడియేటర్ మూత తీస్తే బుడగలు, ఆయిల్ గేజ్ లాగితే నీళ్లు కలిసిన ఆయిల్, చిలికిన మజ్జిగలా. హెడ్ విప్పితే రెండో సిలిండర్‌కూ మూడోదానికీ మధ్య ప్యాకింగ్ నల్లగా కాలి తెగిపోయి ఉంది. ఇంతవరకూ నాకు తెలిసిన పనే. మా గ్యారేజీలో ఫోన్ చేసి సామాను తెప్పించేది మేనేజర్. ఆయన సెలవు మీద ఊరికి పోయాడు కాబట్టే నేను కొట్టుకు పోవలసి వచ్చింది.

ఆ రాత్రి రూములో పడుకుని పెద్దాయనతో మనసులోనే పోట్లాడాను. నీకేం తెలుసయ్యా మా నల్లగొండ సంగతి? దేవరకొండ రోడ్డు మీద మా ఉస్తాద్ షెడ్డుకు వచ్చే జీపుల్లో ఒక్కటన్నా కంపెనీ నుంచి దిగినట్టు ఉండేదా? జీపు ఒకరిది, ఇంజన్ ఇంకొకరిది. పెట్రోలు ఖర్చు భరించలేక అంబాసిడర్‌లో మటడోర్ డీజిల్ ఇంజన్ దింపించుకున్నవాళ్లు ఎంతమందో. అట్లాంటి బండికి చాసిస్ నంబర్ అడిగితే అది చెప్పే ఇంజన్ ఒకటి, బానెట్ కింద ఉండేది ఇంకొకటి. అక్కడ అబద్ధమాడనిది పాత ప్యాకింగ్ ఒక్కటే.

అందుకే హెడ్ విప్పిన రోజు ఉస్తాద్ దాన్ని పేపర్లో చుట్టి నా చేతిలో పెట్టేవాడు. పొద్దున ఆరింటి బస్సెక్కి, వంద కిలోమీటర్లు ఒళ్లో పెట్టుకుని, హైదరాబాద్ ఇమ్లీబన్ బస్టాండులో దిగి పుత్లీబౌలి స్పేర్ పార్ట్స్ కొట్లకు నడిచేవాణ్ని. కొట్టాయన కొత్తదాన్ని పాతదాని మీద పరిచి, చిల్లులోంచి చిల్లులోకి వేలు పెట్టి చూసి, "పో బేటా" అనేవాడు. చీకటిపడే సరికి జీపు స్టార్ట్ అయ్యేది. మాకు పనికి కొదవ ఉండేది కాదు. మా నల్లగొండ నీళ్లు మనుషుల ఎముకల్నే వదల్లేదు, రేడియేటర్లను వదులుతాయా? డ్రైవర్లు కూలెంట్ అనే మాట ఎరగరు, బోరు నీళ్లే పోసేవాళ్లు. రేడియేటర్ లోపల ఉప్పు పేరుకునేది. మల్లేపల్లి దాటి డిండి పోయేలోపు ఇంజన్ వేడెక్కి హెడ్ లేచి ప్యాకింగ్ పోయేది.

చిన్న ప్యాకింగులకైతే బస్సు కూడా అక్కర్లేదు. ఇంజన్ ముందుండే టైమింగ్ కవర్ మీద ప్యాకింగ్ షీటు పరిచి, ఉండ సుత్తెతో అంచు వెంబడి ఉస్తాద్ టకటకా కొట్టుకుంటూ పోయేవాడు. కవర్ అంచే కత్తెరై షీటును తెంపేది. బోల్టు చిల్లు దగ్గర సుత్తె ఉండను ఒక్కసారి తగిలిస్తే గుండ్రంగా బిళ్ల ఊడిపడేది. ఆ బిళ్లలు ఏరుకుని పిల్లలు ఆడుకునేవాళ్లు. ఈ పని ఇక్కడ ఎవరికి చేతనవుతుంది? డబ్బా విప్పి బిగించడం తప్ప! (ఈ మాట కోపంలో అన్నదే. మా గ్యారేజీలో బంగ్లాదేశ్ హెల్పర్ నాకన్నా బాగా కోస్తాడు.)

తెల్లారి కోపం దిగాక ఆలోచిస్తే పెద్దాయన మాటలో తప్పు దొరకలేదు. పాత ప్యాకింగ్ ఆకారం చెబుతుంది, మందం చెప్పదు. ఏళ్ల తరబడి హెడ్ కింద నలిగినదాని మందం కొత్తదాని మందం కాదు. పెట్రోలు ఇంజన్లో అంత పట్టింపు ఉండదేమో గానీ ఈ డీజిల్‌కు ఒకే ప్యాకింగ్ మూడు మందాల్లో వస్తుంది. బి, డి, ఎఫ్ అని గుర్తు వేసి ఉంటుంది. మరికొన్ని కంపెనీలవాటికి అంచున గాట్లో చిల్లులో ఉంటాయి. పిస్టన్ పూర్తిగా లేచినప్పుడు బ్లాకు మట్టం దాటి ఎంత పైకి వస్తుందో కొలిచి దాన్నిబట్టి ఎంచుకోవాలి. పల్చనిది పడితే పిస్టన్‌కూ హెడ్‌కూ మధ్య సందు చాలదు. మందమైనది పడితే కంప్రెషన్ పడిపోయి, చలి పొద్దున స్టార్టింగ్‌కు సతాయిస్తుంది.

పైగా, నా చేతిలోని పాతదాని మీద ఏ గుర్తూ లేదు. ఇంతకుముందు ఎవడో ఏదో దొరికింది వేశాడు. నేనూ దాన్నే నమూనాగా పట్టుకుపోయాను. వాడి తప్పుకు నేను జిరాక్స్ తీయించబోయాను, అంతే.

బ్లాకు గీకి శుభ్రం చేసి, డయల్ గేజ్ పెట్టి నాలుగు పిస్టన్లూ కొలిచాను. అన్నింట్లో ఎక్కువ లేచినదే లెక్క. డి వచ్చింది. హెడ్ వంగిందేమోనని పట్టీ పెట్టి ఫీలర్ గేజ్‌తో చూశాను, బాగానే ఉంది. ఇంజన్ నంబరూ కొలతలూ చీటీ మీద రాసుకుని మళ్లీ వాదీ కబీర్ పోయాను. పెద్దాయన చీటీ చదివి, ఏమీ అనకుండా లోపలికి పోయి డబ్బా తెచ్చాడు. ఒక రియాల్ తగ్గించాడు కూడా. ఒక రియాల్ అంటే మన 200 రూపాయల పైమాటే. ముందు రోజు తిట్టినందుకా, చీటీ తెచ్చినందుకా, నేనడగలేదు. బోల్టులు నడుమ నుంచి బయటికి విడతల వారీగా బిగించాం. సాయంత్రానికి బండి పోయింది.

ఉండబట్టలేక ఉస్తాద్‌కు ఫోన్ చేశాను. ఆయనకిప్పుడు కళ్లు సరిగా కనపడవు, షెడ్డు కొడుకు చూసుకుంటున్నాడు. నంబర్ లేదని ఇక్కడ ఒకాయన నన్ను వెళ్లగొట్టాడని చెప్పాను. ఆయన నా పక్షాన నాలుగు తిడతాడని ఆశ.

"మంచిగ చేసిండు" అన్నాడు. "నేను బ్లాకు మీద కిరోసిన్ గుడ్డేసి తుడిచి, నంబర్ చీటీ మీద రాసి ప్యాకింగుల మడిచి పంపేది కదరా. పుత్లీబౌలి సేటు ముందుగాల చీటీయే చూసేటోడు."

చీటీ గుర్తుంది. నూనె మరకలతో, సిగరెట్ పెట్టె అట్ట మీద రాసింది. బేరం లెక్క అనుకునేవాణ్ని. ఎన్నిసార్లు మోసుకుపోయానో గానీ ఒక్కసారి కూడా విప్పి చదవలేదు.

"మరి పాత ప్యాకింగ్ ఎందుకు పంపేటోడివి ఉస్తాద్?"

"నువ్వు బస్సుల పండుకుని చీటీ యాడన్న పడేసుకుంటవని."