అడ్వాన్స్‌డ్ డీబీఎంఎస్ పేపర్‌కి నేను చదివిన పద్ధతి

ఎం.టెక్‌లోనో ఎంసీఏలోనో అడ్వాన్స్‌డ్ డీబీఎంఎస్ (డేటాబేస్ మేనేజ్‌మెంట్ సిస్టమ్స్) పేపర్ రాయబోతున్న వాళ్ల కోసం ఇది. బీటెక్‌లో చదివిందే కదా, ఇంకో రెండు చాప్టర్లు ఎక్కువ ఉంటాయిలే అనుకుంటాం. సిలబస్ తిరగేస్తే తేడా తెలుస్తుంది. అక్కడ డేటాబేస్‌ని ప్రశ్నించే భాష ఎస్‌క్యూఎల్‌లో క్వెరీలు రాయడం నేర్పారు. ఇక్కడ మనం రాసిన క్వెరీ లోపలికి వెళ్లాక ఏమవుతుంది, మధ్యలో కరెంటు పోతే ఏమవుతుంది అని అడుగుతారు. పేజీలకు పేజీలు థియరీ బట్టీ పట్టి రాసేవాళ్లు ఉన్నారు, పాసవుతారు కూడా. కానీ ప్రశ్నలో చిన్న లెక్క వస్తే అక్కడే ఆగిపోతారు. అందుకే ఏ టాపిక్ చదివినా, అదే రోజు దాని మీద ఒక చిన్న లెక్క సొంతంగా కల్పించుకుని కాగితం మీద చేసేవాణ్ని.

జాయిన్ ఖర్చు తీసుకోండి, అంటే రెండు టేబుళ్లని కలపడానికి డిస్క్ మీద ఎన్ని బ్లాకులు చదవాలో, రాయాలో. ఆర్ అనే టేబుల్ 1,000 బ్లాకులు, ఎస్ 500 బ్లాకులు, ఎస్‌లో 10,000 టపుల్స్ (వరసలు), మెమరీలో 52 బఫర్లు (ఒక్కోదాంట్లో ఒక బ్లాక్ పడుతుంది) అనుకుందాం. ఎస్‌ని బయటి లూప్‌లో పెట్టి మామూలు నెస్టెడ్ లూప్ జాయిన్ చేస్తే, ఎస్‌లోని ఒక్కో టపుల్‌కీ ఆర్ మొత్తం చదవాలి కాబట్టి 10,000 × 1,000 + 500, అంటే కోటి దాటిన బ్లాక్ రీడ్స్. బ్లాక్ నెస్టెడ్ లూప్‌లో ఒక బఫర్ ఆర్‌కి, ఒకటి అవుట్‌పుట్‌కి పోగా 50 మిగులుతాయి. ఎస్‌ని పది విడతల్లో చదవొచ్చు కాబట్టి 10 × 1,000 + 500 = 10,500. ఆర్‌ని బయట పెడితే 11,000. చిన్న టేబుల్ బయట ఉండాలని ఎందుకంటారో ఈ రెండు అంకెలే చెప్తాయి. హ్యాష్ జాయిన్ రెండు టేబుళ్లనీ చదివి, పార్టిషన్లుగా డిస్క్ మీద రాసి, మళ్లీ చదువుతుంది. 3 × 1,500 = 4,500. ఈ లెక్క ఒకసారి చేతితో చేశాక ఫార్ములాలు మర్చిపోయినా పరీక్ష హాల్లో మళ్లీ రాబట్టుకోవచ్చు.

క్వెరీకి తక్కువ ఖర్చయ్యే దారి వెతికే ఆప్టిమైజర్ కూడా ఇంతే. ఐదు టేబుళ్లని జాయిన్ చెయ్యడానికి మొత్తం 1,680 ఆర్డర్లు ఉంటే, లెఫ్ట్-డీప్ (అప్పటిదాకా వచ్చిన ఫలితానికి ప్రతిసారీ ఒక్కో టేబుల్ చేర్చుకుంటూ పోయేవి) మాత్రమే చూస్తే 120. ఐబీఎం సిస్టమ్ ఆర్ అనే డేటాబేస్ ప్రాజెక్ట్ మీద పనిచేసిన ప్యాట్రీషియా సెలింజర్ బృందం 1979లోనే లెఫ్ట్-డీప్ చెట్లకి పరిమితమై, డైనమిక్ ప్రోగ్రామింగ్ (చిన్న భాగాల జవాబులు దాచుకుని పెద్దదానికి వాడుకోవడం) వాడింది ఇందుకే. జవాబులో ఈ రెండు అంకెలూ పక్కపక్కన రాస్తే ఇక పెద్ద వివరణ అక్కర్లేదు.

కాంకరెన్సీ కంట్రోల్‌కి, అంటే ఒకేసారి నడిచే ట్రాన్సాక్షన్లు (పూర్తిగా జరగాలి లేదా అసలు జరగకూడదు అనే పనుల కట్టలు) ఒకదాన్నొకటి చెడగొట్టకుండా చూడడానికి మాత్రం కాగితం చాలదు. పోస్ట్‌గ్రెస్ డేటాబేస్ ఇన్‌స్టాల్ చేసుకుని రెండు టెర్మినల్ విండోలు పక్కపక్కన తెరవండి. అన్నకీ తమ్ముడికీ చెరో ఖాతా, ఒక్కోదాంట్లో 600 రూపాయలు. రెండూ కలిపి సున్నా కంటే తగ్గకూడదన్నది రూల్. రెండు విండోల్లోనూ రిపీటబుల్ రీడ్ అనే ఐసోలేషన్ లెవెల్‌లో (ఒక ట్రాన్సాక్షన్ పని ఇంకోదానికి ఎంతవరకు కనిపించాలో చెప్పే సెట్టింగ్) ట్రాన్సాక్షన్ మొదలుపెట్టి, రెండిట్లోనూ మొత్తం ఎంతుందో చూడండి. 1,200 కనిపిస్తుంది. ఒక విండోలో అన్న ఖాతా నుంచి 1,000, ఇంకో దాంట్లో తమ్ముడి ఖాతా నుంచి 1,000 తీసి, రెండూ కమిట్ చెయ్యండి. రెండూ అయిపోతాయి, మొత్తం మైనస్ 800! రైట్ స్క్యూ అంటే ఇదే. రెండు విండోల్లోనూ అన్నిటికంటే కఠినమైన లెవెల్ సీరియలైజబుల్ పెట్టి మళ్లీ చేస్తే ఒకదానికి ఎర్రర్ వస్తుంది. 2011లో వచ్చిన 9.1 వెర్షన్ నుంచి పోస్ట్‌గ్రెస్‌లో ఈ ఏర్పాటు ఉంది. పుస్తకంలో ఐసోలేషన్ లెవెల్స్ పట్టిక ఎన్నిసార్లు చూసినా రాని స్పష్టత ఆ ఎర్రర్ చూస్తే వస్తుంది.

ట్రాన్సాక్షన్లు లాకుల కోసం ఒకదానికోసం ఒకటి ఎదురుచూస్తూ ఇరుక్కుపోకుండా (డెడ్‌లాక్ రాకుండా) చూసే వెయిట్-డై, వూండ్-వెయిట్ పద్ధతుల దగ్గర అందరికీ తికమకే. రెండిట్లోనూ రోల్‌బ్యాక్ అయ్యేది (చేసిన పని రద్దయ్యేది) కొత్త ట్రాన్సాక్షనే అని పట్టుకోండి. మళ్లీ మొదలైనప్పుడు దానికి పాత టైమ్‌స్టాంపే ఉంటుంది కాబట్టి స్టార్వేషన్ (ఎప్పటికీ వంతు రాకపోవడం) రాదు. వైవాలో దీని తర్వాత అడిగేది తరచుగా టూ-ఫేజ్ లాకింగ్ (ఒక లాకు వదిలాక కొత్తది తీసుకోకూడదన్న పద్ధతి) డెడ్‌లాక్‌ని ఆపుతుందా అని. ఆపదు.

నాకు అన్నిటికంటే ఇష్టమైన భాగం రికవరీ, అంటే క్రాష్ తర్వాత డేటాబేస్‌ని మళ్లీ సరైన స్థితికి తేవడం. చాలామంది వదిలేసేదీ అదే, అందుకే అక్కడ మార్కులు దొరుకుతాయి. ఐబీఎంలో పనిచేసిన సి. మోహన్, సహచరులు 1992లో ప్రచురించిన ఏరీస్ పద్ధతి ఇక్కడ ప్రధానం. మోహన్ మన పక్కనున్న మద్రాస్ ఐఐటీలో చదివినవారే. అనాలిసిస్ (లాగ్ చదివి ఏం జరిగిందో తేల్చడం), రీడూ (మార్పులు మళ్లీ చెయ్యడం), అన్‌డూ (పూర్తికానివాటిని వెనక్కి తిప్పడం) అని మూడు పేర్లు రాసి వదిలేస్తే సగం మార్కులే. ఒక లాగ్ (జరిగిన మార్పుల చిట్టా) రాసుకోండి, అంకెలు రికార్డుల వరుస సంఖ్యలు, అంటే ఎల్ఎస్ఎన్‌లు; టీ1, టీ2 ట్రాన్సాక్షన్లు: 10లో టీ1 పీ5 పేజీని మార్చింది, 20లో టీ2 పీ3ని మార్చింది, 30లో టీ1 కమిట్, 40లో టీ2 పీ5ని మార్చింది. అక్కడ క్రాష్. చెక్‌పాయింట్ (మధ్యలో స్థితిని నమోదు చేసిన గుర్తు) లేదు. అనాలిసిస్‌లో పీ5కి 10, పీ3కి 20 డర్టీ పేజ్ టేబుల్‌లోకి (మార్పులు డిస్క్‌కి చేరకపోయి ఉండొచ్చన్న పేజీల జాబితాలోకి) వస్తాయి. పూర్తికానిది టీ2. రీడూ 10 నుంచి మొదలై అన్నిటినీ మళ్లీ చేస్తుంది, ఓడిపోయే టీ2 పనుల్ని కూడా. పేజీ మీదున్న ఎల్ఎస్ఎన్ అప్పటికే సమానంగానో పెద్దగానో ఉంటే మాత్రం ఆ రికార్డుని దాటేస్తుంది. అన్‌డూలో 40ని వెనక్కి తిప్పి, 50 దగ్గర ఒక కాంపెన్సేషన్ రికార్డు (వెనక్కి తిప్పేశానన్న గుర్తు) రాస్తుంది. తర్వాత తిప్పాల్సింది 20 అని ఆ రికార్డులోనే ఉంటుంది.

ఇప్పుడు ఆ 50 డిస్క్‌కి చేరాక మళ్లీ క్రాష్ చెయ్యండి. ఈసారి రీడూలో 50 కూడా వస్తుంది, అన్‌డూలో మాత్రం 40 జోలికి వెళ్లకుండా నేరుగా 20కి పోతుంది. రికవరీ మధ్యలో ఎన్నిసార్లు పడిపోయినా చేసిన అన్‌డూ మళ్లీ ఎందుకు చెయ్యదో ఈ ఒక్క లైన్‌లో తేలిపోతుంది. పరీక్షలో రెండో క్రాష్ అడగకపోయినా నేనైతే రాసేస్తాను.

డేటా చాలా కంప్యూటర్ల మీద ఉండే డిస్ట్రిబ్యూటెడ్ యూనిట్ పెద్దదిగా కనిపిస్తుంది కానీ టూ-ఫేజ్ కమిట్ (కోఆర్డినేటర్ ముందు అందరినీ రెడీయా అని అడిగి, తర్వాత కమిట్ చెయ్యమనడం) బాగా వస్తే చాలావరకు అయిపోయినట్టే. పార్టిసిపెంట్లు రెడీ అని చెప్పాక కోఆర్డినేటర్ పడిపోతే లాకులు పట్టుకుని అందరూ ఎలా ఇరుక్కుంటారో బొమ్మ గీసి చూపించండి. క్యాప్ సిద్ధాంతాన్ని కన్సిస్టెన్సీ (అందరికీ ఒకే తాజా డేటా కనిపించడం), అవైలబిలిటీ (ఎప్పుడు అడిగినా జవాబు రావడం), నెట్‌వర్క్ విడిపోయినా తట్టుకోవడం అనే మూడింట్లో ఏవో రెండు ఎంచుకోవడం అని రాసేస్తుంటారు. అలా అనడం తప్పుదారి పట్టిస్తుందని ఆ సిద్ధాంతం ప్రతిపాదించిన ఎరిక్ బ్రూవరే 2012లో రాశారు. నెట్‌వర్క్ విడిపోవడం మన ఎంపిక కాదు, అది జరిగినప్పుడు కన్సిస్టెన్సీ వదులుకోవాలా, అవైలబిలిటీ వదులుకోవాలా అన్నదే ప్రశ్న. ఆబ్జెక్ట్ ఓరియెంటెడ్ డేటాబేసుల యూనిట్ మీ సిలబస్‌లో ఇంకా ఉంటే దాన్ని చివరి రెండు రోజులకి పెట్టుకోండి, అక్కడ లెక్కలేమీ రావు.