బోరు నీళ్లు, సబ్బు, నా పాలిమర్

మద్దిలపాలెంలో మేముండే ఇంట్లో బోరు నీళ్లు. సబ్బు ఎంత రుద్దినా నురగ రాదు, బకెట్ అంచుకు తెల్లటి తెట్టు కడుతుంది. సర్ఫ్ వేస్తే మాత్రం కాస్త నయం. చిన్నప్పటి నుంచీ చూస్తున్నదే. పోయిన నెల నా ట్యూబులో జరిగింది కూడా అదేనని పోల్చుకోవడానికి నాకు వారం పట్టింది.

నా పని కణపొరలో ఉండే ప్రోటీన్లతో. వాటి నడుము భాగం కొవ్వులో మునిగి ఉంటుంది. బయటికి తీసి ఉత్త నీళ్లలో వేస్తే ఒకదానికొకటి అతుక్కుని ముద్దయిపోతాయి. డిటర్జెంట్‌లో కరిగించవచ్చు గానీ, అందులో చాలా ప్రోటీన్లు ఎక్కువ రోజులు నిలవవు. అందుకే ఆంఫిపోల్స్ అనే పాలిమర్లు, అంటే డిటర్జెంట్ బదులు ప్రోటీన్ నడుమును చుట్టుకుని దాన్ని నీళ్లలో నిలబెట్టే పొడవాటి గొలుసు అణువులు. 1996లో ట్రిబె, ఓడెబెర్, పోపో అనే ఫ్రెంచి శాస్త్రవేత్తలు వీటిని పరిచయం చేశారు. అందరూ వాడేది ఎ8-35. పాలీఎక్రిలిక్ యాసిడ్ గొలుసు తీసుకుని, దాని కార్బాక్సిల్ గ్రూపుల్లో సుమారు 25 శాతానికి ఆక్టైలమీన్, 40 శాతానికి ఐసోప్రొపైలమీన్ తగిలిస్తారు. మిగతా 35 శాతం రుణావేశంతో, అంటే కార్బాక్సిలేట్లుగా ఉండి, నీళ్లలో కరగడానికి పనికొస్తాయి. ఆక్టైల్ తోకలు ప్రోటీన్ నడుమును ఒకేసారి చాలాచోట్ల పట్టుకుంటాయి కాబట్టి పాలిమర్ తేలిగ్గా ఊడిరాదు. మిరపకాయ మంటను మనకు తెలియజేసే టీఆర్‌పీవీ1 ప్రోటీన్ ఆకారాన్ని 2013లో 3.4 ఆంగ్‌స్ట్రామ్‌ల (ఒక ఆంగ్‌స్ట్రామ్ అంటే మిల్లీమీటరులో కోటో వంతు) వివరంతో చూసింది ఈ ఎ8-35లో పెట్టే. ఆవకాయ కలుపుతున్న అమ్మకు ఈ సంగతి చెప్పినప్పుడు నాకు కలిగిన సంతోషం ఇంతా అంతా కాదు.

నేనూ నా ప్రోటీన్‌ను ఎ8-35లోనే పెట్టాను. దానికి కాల్షియం కావాలి. కాల్షియం ఉన్న బఫర్ (పీహెచ్ మారకుండా ఉంచే ద్రావణం) పోయగానే ట్యూబు విరిగిన పాలలా తెల్లబడింది. మూడు నెలల ప్రోటీన్. ఆ రాత్రి అన్నం సయించలేదు.

"ఏటే, అలా ఉన్నావు?" అంది అమ్మ, బట్టలు జాడిస్తూ. ఆ బకెట్ అంచు చూశాక వెలిగింది. సబ్బులో ఉన్నవి కార్బాక్సిలేట్లు, బోరు నీళ్లలోని కాల్షియంతో కలిసి తెట్టు కడతాయి. సర్ఫ్‌లో ఉన్నవి సల్ఫోనేట్లు అనే వేరే రకం రుణావేశ గ్రూపులు, కాల్షియానికి అంత తేలిగ్గా లొంగవు. ఎ8-35లోనూ కార్బాక్సిలేట్లే. పీహెచ్ 7 కన్నా తగ్గినా దానికి ఇదే గతి.

దీన్నుంచి తప్పించుకునే దారి వేరేవాళ్లు ముందే వేసి ఉంచారు. ఐసోప్రొపైలమీన్ బదులు టారిన్ తగిలిస్తే, దాని చివర సల్ఫోనేట్ ఉంటుంది. చేయడం మాత్రం అంత సులువు కాదు. జతకలిపే రసాయనానికి తడి పడదు, మన విశాఖ గాలేమో ఎప్పుడూ తడే. ద్రావకం సీసా మూత తీసి ఉంచే ప్రతి నిమిషం నాకు టెన్షన్. రెండు బ్యాచ్‌లు పారబోశాను. మూడోది నిలిచింది.

ఈసారి ప్రోటీన్ జోలికి పోకుండా, ముందు ఒట్టి పాలిమర్లతోనే చూశాను. రెండు ట్యూబుల్లోనూ ఒకే మోతాదు కాల్షియం క్లోరైడ్. ఎ8-35 ఉన్నది మసకబారింది. టారిన్ ఉన్న దాని వెనక నోట్‌బుక్ పెడితే నా చేతిరాత స్పష్టంగా కనిపించింది. సోమవారం ప్రోటీన్ కలుపుతాను.